తెర పక్కన మా నాన్న గొంతు

నాకు కలలో యుద్ధం వచ్చినప్పుడల్లా అది ఒక తెల్లగుడ్డ మీదే జరుగుతుంది. రెండు చింతచెట్ల నడుమ బిగించి కట్టిన గుడ్డ. గాలి వీస్తే ఓడలు వంగుతాయి, విమానాలు నలుగుతాయి, కవాతు చేసే సైనికుల కాళ్ళు సాగి సాగి మళ్ళీ సర్దుకుంటాయి. ఎవరికీ దెబ్బ తగలదు. రక్తం కనబడదు. ఆ బొమ్మల మీదుగా మా నాన్న గొంతు వెచ్చగా, నింపాదిగా, అన్నం తినిపిస్తూ కథ చెప్పినట్టు వినబడుతూ ఉంటుంది. నేను చూసిన యుద్ధం అంతే. మదనపల్లెలో పుట్టి పెరిగినదాన్ని, ఇంకే యుద్ధం చూస్తాను?

మా నాన్న మదనపల్లె మిషన్ బడిలో పంతులు. అందరూ అయివారు అనేవాళ్ళు. శని ఆదివారాల్లో సైకిలెక్కి పల్లెలకు పోయి బైబిలు వాక్యం చెప్పేవాడు. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నేనొక్కదాన్నే సంతానం. నాన్న గొంతు గురించి వేరే చెప్పాలి. ఆయన చర్చిలో పాట ఎత్తుకుంటే బయట కట్టేసిన గొర్రెలు కూడా నెమరు వేయడం మానేస్తాయని అమ్మ ఎగతాళి చేసేది. ఆ ఎగతాళిలో గర్వం కూడా ఉండేదని నాకు తెలుసు. నాన్నకైతే ఎగతాళి చెవికెక్కేదే కాదు, గర్వం ఒక్కటే ఎక్కేది.

యుద్ధం మొదలైన రెండు మూడేళ్ళకు మా వైపు పట్టాళంలో చేరమని చెప్పే ప్రచారం బండి రావడం మొదలైంది. జనం దాన్ని బొమ్మల బండి అనేవాళ్ళు. ఆకుపచ్చకూ బూడిదరంగుకూ మధ్య రంగు, నెత్తిన పెద్ద గొట్టం, వెనక చప్పుడు చేసే ఇంజను. దాంతో ఒక ఆఫీసరు వచ్చేవాడు. ఆయన అరవం కలిసిన తెలుగులో కాగితం చూసి చదివేవాడు. సినిమాలేమో ఇంగ్లీషువి. తెర మీద ఒక దొర ఏదో చెబుతుంటాడు, కింద ఈయన ఏదో చదువుతుంటాడు, జనం వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ తమ మాటలు తాము మాట్లాడుకుంటుంటారు. ఇట్లా లాభం లేదనుకుని ఆ ఆఫీసరు మా బడికి వచ్చి, తెలుగులో చక్కగా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. బడిలో అందరూ మా నాన్న వైపు చూశారట. మా నాన్న నేల వైపు చూశాడట. అట్లా చూశానని ఆయనే చెప్పాడు, నేను మాత్రం నమ్మను.

"బట్ట మీద బొమ్మలు సూపిచ్చి బిడ్డల్ని తోలకపోతారా?" అంది అమ్మ, ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి తెల్లచీర మడత పెడుతూ.

"హిట్లరు ఎంత దుర్మార్గుడో నీకు తెలుసా?" అన్నాడు నాన్న.

"తెలీదు. ఆయప్ప మన ఆసుపత్రికి రాలేదు."

నాన్న నవ్వేశాడు. నవ్వితే వాదం ముగిసినట్టే మా ఇంట్లో. అమ్మకు సాయంత్రం డ్యూటీలు ఉండేవి గనుక, ఇంట్లో ఒంటరిగా వదలలేక నాన్న నన్ను కూడా బండిలో తీసుకుపోయేవాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆఫీసరు పక్కన కూర్చుని ఊళ్ళు తిరగడం కంటే గొప్ప సంగతి లోకంలో ఉంటుందని అప్పట్లో నాకు తోచలేదు.

మొదటిసారి వాయల్పాడులో. నాన్న బుద్ధిగా ఆఫీసరిచ్చిన కాగితమే చదివాడు. శత్రుదళములు, మిత్రరాజ్యములు, విజయము తథ్యము. అది భారతం నాటకమనుకున్న ఒక ముసలాయన ముందు వరసలోంచి లేచి, "అయివారా, కృష్ణుడు ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు. జనం గొల్లుమన్నారు. నాన్న ముఖం మాడిపోయింది.  ఆ తర్వాతి ఊళ్ళో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తెర పక్కన నిలబడి, తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో చెప్పడం మొదలుపెట్టాడు. అంటే ప్రసంగం చేశాడు.

ఆ సాయంత్రాలు ఇప్పటికీ నా ఒంటిమీద ఉన్నాయి. పొద్దు కుంగాక కొండల వెనక కాసేపు ఎర్రగా ఉండి, ఆ ఎరుపు మెల్లగా ఊదారంగులోకి పోయేది. ఇంజను గుర్రుమని లేచేది. బండిలోంచి ఒక వెలుగు బయలుదేరి జనం తలల మీదుగా తెర మీదికి పోయేది, అందులో దుమ్ము, పురుగులు, చుట్టపొగ అన్నీ నెమ్మదిగా ఈదుతుండేవి. నేను తెర కంటే ఆ వెలుగునే ఎక్కువగా చూసేదాన్ని. తెర మీద సముద్రం వచ్చేది. మా మెట్టపల్లెల్లో సముద్రం చూసినవాళ్ళు ఎవరున్నారు? చెరువులే ఏడాదిలో సగం నాళ్ళు ఎండి ఉండేవి. "గట్టు యాడుండాదప్పా?" అని ఆడవాళ్ళు అడిగేవాళ్ళు. "గట్టు కనబడదమ్మా, దాన్నే సముద్రం అంటారు" అనేవాడు నాన్న, మైకులో, ఎంతో ప్రేమగా. ఆ మాటకు చుట్టూ ఒక నిట్టూర్పు లేచేది. ఎడారిలో నడిచే సైనికులను చూపించి బైబిల్లో ఐగుప్తు దాటిన జనం కథ చెప్పేవాడు. వాళ్ళకు దాహం వేస్తోందని చెబితే ఇక్కడ ముసలమ్మలు మింగుడు పడక గొంతు తడుముకునేవాళ్ళు. ఆఫీసరు చేతులు కట్టుకుని చూస్తుండేవాడు. మా నాన్న ఏం చెబుతున్నాడో ఆయనకు సగమే అర్థమయ్యేది, జనం మాత్రం కదలకుండా కూర్చుంటున్నారన్నది పూర్తిగా అర్థమైంది.

ఇక్కడ మా కోత పండుగ గురించి చెప్పకపోతే తర్వాతి సంగతి తెలియదు. పంట ఇంటికి చేరాక మా చర్చిల్లో ఒక ఆదివారం కోత పండుగ చేస్తారు. ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. రాగులు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్ళు, మేకలు. వాటినే ప్రథమ ఫలాలు అంటారు. ప్రార్థన అయ్యాక బయట చెట్టు కింద వాటన్నిటినీ వేలం వేస్తారు. వేలంలో వచ్చింది చర్చికి. కానీ మా పల్లెల్లో ఒక మర్యాద ఉంది. ఇంట్లో పాలిచ్చే మేకనో, పెంచుకున్న కోడినో ఎవరైనా కానుక పెడితే, దాని మీద ఇంకొకరు పోటీ పాడరు. పెట్టినవాళ్ళే పాడుకుని మళ్ళీ ఇంటికి తోలుకుపోతారు. అందరూ నవ్వుకుంటూ చేసే పనే. జబ్బు చేసిన బిడ్డల విషయంలోనూ అంతే. బిడ్డను బల్ల ముందు పడుకోబెట్టి, ఇక వీడు దేవుడి బిడ్డ అని చెప్పి, ప్రార్థన చేయించి, ఒక కోడిని ఇచ్చి బిడ్డను తిరిగి ఎత్తుకుంటారు.

పెద్దపంజాణి అవతల ఒక పల్లెలో ఒక విధవరాలు ఉండేది. నాన్న వాక్యం చెప్పడానికి పోయినప్పుడల్లా ఆమె ఇంట్లోనే సంగటి తినేవాడు. పొడుగ్గా, నల్లగా, మాటకు ముందు ఒక క్షణం ఆగి మాట్లాడే మనిషి. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చేను చూసుకునేవాడు. చిన్నవాడు నా ఈడువాడు. పెద్దవాడికి పసితనంలో జ్వరం ముదిరి మూసిన కన్ను తెరవకపోతే ఆమె వాణ్ణి బల్ల ముందు పెట్టి, నల్లకోడిని ఇచ్చి తెచ్చుకుందట. ఆ ప్రార్థన చేసినవాడు మా నాన్నే.

బొమ్మల బండి ఆ పల్లెకు వెళ్ళింది కోత పండుగ రోజుల్లోనే. కొత్త రాగుల వాసన ఊరంతా ఉంది. తెర మీద కుర్రవాళ్ళు రైలెక్కుతున్నారు, చెయ్యి ఊపుతున్నారు. నాన్నకు ఆ రోజు గొంతు ఎంతో బాగా పలికింది. నాకే ఒళ్ళు పులకరించింది. "తల్లులారా, రాగులు పెట్టినారు, కోళ్ళు పెట్టినారు. ఇప్పుడు మీ ప్రథమ ఫలాలను అడుగుతున్నారు. ఎవరు తెచ్చి పెడతారు?" అన్నాడు మైకులో.

 ఆ విధవరాలు లేచింది. పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని జనం మధ్యలోంచి నడిపించుకుంటూ వచ్చి, తెర వెలుతురులో, ఆఫీసరు బల్ల ముందు నిలబెట్టింది. వాడి చొక్కా మీద ఓడలు పోతున్నాయి. "తెచ్చినానప్పా" అంది మా నాన్నతో. జనంలో ఎవరో ఆమేన్ అన్నారు. తర్వాత అందరూ అన్నారు. ఆఫీసరు ఆ మాట తానూ అని, పేరు రాసుకున్నాడు. ఆమె వెనక ఇంకో ముగ్గురు నలుగురు తల్లులు లేచారు.

కుర్రవాళ్ళను కుప్పంలో రైలెక్కించారు. నాన్నతో నేనూ పోయాను. కుప్పం స్టేషనులో ఆ రోజుల్లో రైళ్ళు ఒకదాని వెనక ఒకటి సిపాయిలను మోసుకుపోతుండేవి. కిటికీల నిండా ముఖాలు. ఎవరో తెలియని భాషలో పాడుతూ పోయేవాళ్ళు. రైలు పోయాక కూడా ఆ పాట పట్టాల మీద కాసేపు ఆగినట్టుండేది. తెల్లవారుజాము మంచులో రాళ్ళగుట్టలు తేలుతున్నట్టు కనబడ్డాయి. మన కుర్రవాళ్ళ మెడల్లో బంతిపూల దండలు. తల్లులందరూ ఏడుస్తున్నారు, ఆమె తప్ప. ఆమె కొడుక్కు ఒక చిన్న మూట ఇచ్చింది, రెండు పూటల తిండికి సరిపోయేంత. "ఇత్తనం ఏసేలోపల వచ్చేయి నాయినా, ఒక్కదాన్నే మడక తోలలేను" అంది. వాడు నవ్వి తల ఊపాడు. రైలు కదిలాక కూడా ఆమె ముఖం మారలేదు.

ఆ ముఖం చూసి మా నాన్న కరిగిపోయాడు. అది విశ్వాసం అనుకున్నాడు. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా ఆమె గురించి చెప్పేవాడు. కన్నీటిచుక్క రాల్చకుండా బిడ్డను సమర్పించిన ఆ తల్లిని చూడండి అనేవాడు. పుంగనూరులో చెప్పాడు, పెద్దమండ్యంలో చెప్పాడు. ఆ కథ విని కుర్రవాళ్ళు లేచేవాళ్ళు. వింటూ వింటూ నాకూ ఆమె మనిషిగా కాక, తెర మీద మనిషిగా అనిపించడం మొదలైంది.

మరుసటి ఏడు కోత పండుగ ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. బొగ్గుగ్యాసుతో నడిచే బస్సులు అప్పట్లో ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేవి. సగం దారి బస్సులో, సగం దారి నడిచి వచ్చింది. చేతిలో తాడు, తాడుకు ఒక పొట్టేలు. చంకలో రెండు కోళ్ళు. పొట్టేలును మా జామచెట్టుకు కట్టేసి, కాళ్ళు కడుక్కుని, వసారాలో కూర్చుంది. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాన్న ఎంతో సంతోషంగా, "ఏందమ్మా, పొట్టేలునంతా తోలుకొచ్చినావు?" అన్నాడు.

"వేలం ఎప్పుడప్పా?" అంది ఆమె.

"ఏం వేలం?"

"మా పెద్దోడిది. నిరుడు పెడితిని గదా. మనూళ్ళో ఏస్తారో, మదనపల్లెలో ఏస్తారో తెలీక ఈడికొస్తిని. ఆపొద్దు నల్లకోడికే ఇచ్చినారు. ఇప్పుడు పెద్దోడయినాడు, కోడికి ఇయ్యరేమో అని పొట్టేల్ని మేపినా. మావోళ్ళు ఎవురూ పోటీకి రారులే."

నాన్నకు అర్థం కాలేదు. అమ్మకు ముందే అర్థమైంది. మజ్జిగ చెంబు కింద పెట్టేసింది. ఆ తర్వాత నాన్నకూ అర్థమైంది. ఆ క్షణంలో ఆయన ముఖం నేను చూశాను. అంతకు ముందెప్పుడూ ఆయన మీద నాకు జాలి కలగలేదు. ఆ వసారాలో కలిగింది. జామచెట్టుకు కట్టిన పొట్టేలు వైపు చూశాడు. 

"యుద్ధం అయిపోయినాకమ్మా" అన్నాడు.

ఆమె ఒక క్షణం ఆగి, "అట్లనా" అంది. పొట్టేలును విప్పుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. కోళ్ళు మాత్రం అమ్మకు ఇచ్చింది. మేం వాటిని కోయలేదు.

నాన్న మళ్ళీ బండెక్కలేదు. గొంతు పట్టేసిందని ఆఫీసరుకు చెప్పాడు. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి రోజూ పొద్దున పెరట్లో ఉప్పునీళ్ళు పుక్కిలించేవాడు. "గొంతుకు ఏమీ కాలేదు, నర్సును నేను చెప్తాండా" అనేది అమ్మ. మామూలుగా అయితే ఆయన నవ్వేవాడు. ఆదివారం ప్రసంగం కూడా కాగితం మీద రాసుకుని, తల ఎత్తకుండా చదవడం అలవాటు చేసుకున్నాడు. జనం నిద్రపోయేవాళ్ళు. ఆయన వాళ్ళను నిద్రపోనిచ్చేవాడు.

యుద్ధం అయిపోయింది. కొందరు తిరిగి వచ్చారు. పొట్టేలును తోలుకొచ్చిన ఆమె కొడుకు రాలేదు. బర్మాలో కనబడకుండా పోయాడని తాలూకా కచేరీలో చెప్పారట. ఆమె ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు కూడా ఏడవలేదు. "కనబడలేదంటే ఎతకాల గదప్పా. ఎతికినారంటనా?" అని మాత్రం అడిగింది.  నాన్న ఆమెను బస్సు దాకా సాగనంపి వచ్చి, దీపం పెట్టే వేళ దాకా జామచెట్టు కింద ఊరికే నిలబడ్డాడు.

స్వాతంత్ర్యం వచ్చింది. మదనపల్లె వీధుల్లో కాగితం జెండాలు, మిఠాయి, మేళాలు. బడిపిల్లలమంతా గొంతు పోయేలా అరిచాం. నాన్న కూడా ఆ రోజు పాట ఎత్తుకున్నాడు. ఎన్నేళ్ళకో ఆ గొంతు పూర్తిగా తెరుచుకుంటే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ సంతోషం కల్లమాటని నేనెప్పటికీ అనను.

ఆ తర్వాతి ఏడు బొమ్మల బండి మళ్ళీ వచ్చింది. కొత్తగా రంగు వేశారు, ముందు మూడు రంగుల జెండా కట్టారు. తలుపు మీద సొట్ట మాత్రం అదే. పాత ఆఫీసరు లేడు. ఖద్దరు చొక్కా వేసుకున్న ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. మంచివాడు, ఆ మాట ముందే చెప్పేస్తాను. మా వసారాలో కూర్చుని అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కాశ్మీరంలో యుద్ధం జరుగుతోంది, మన సైన్యానికి మనవాళ్ళు కావాలి, మీ పేరు పాతవాళ్ళు చెప్పారు, మీరు రావాలి అన్నాడు.

"నా గొంతు పోయింది నాయనా" అన్నాడు నాన్న.

"అప్పుడు వాళ్ళ కోసం చెప్పారు కదండీ. ఇప్పుడు మన ప్రభుత్వం. మనమే పెట్టుకున్నది. ఎవరినీ బలవంతం చెయ్యం. అడుగుతాం, అంతే. ప్రజల రాజ్యమంటే అడగడమే కదండీ."

నాన్న రానన్నాడు. ఆ కుర్రవాడు నొచ్చుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు మొదలైంది అసలు సంగతి. సర్కారు మళ్ళీ ఒక్క మాట అనలేదు. అన్నవాళ్ళంతా మనవాళ్ళే. బజారులో కూరగాయలమ్మే ఆమె, "దొరలకు జెప్పినోడివి మనోళ్ళకు యాల జెప్పవు అయివారా?" అంది. చర్చి పెద్దలు ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నారు. "ఇప్పటికే మనల్ని దొరల మనుషులంటాండారు. నువ్వు ఇట్లా జేస్తే మా పిల్లోళ్ళకు ఉద్యోగాలొస్తాయా?" అన్నారు. బడిలో తోటి పంతుళ్ళు ఆయన వస్తే మాట మార్చేవాళ్ళు. నన్ను కూడా ఒక స్నేహితురాలు అడిగింది, మీ నాన్నకు దేశం ఇష్టం లేదా అని. నాకు కోపంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. దొరల రోజుల్లో మా నాన్న మాట్లాడనన్నప్పుడు ఎవరూ ఇట్లా అడగలేదు. ఒక ఆఫీసరుకు చెప్పే అబద్ధానికి ఉప్పునీళ్ళు సరిపోయాయి. ఊరందరికీ చెప్పాలంటే ఏ నీళ్ళు సరిపోతాయి?

అప్పుడే పెద్దపంజాణి అవతలి ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"చిన్నోడు పోతానంటాండాడు" అంది. "పుంగనూరుకు బండొస్తాదంట, ఆడ పేరు రాపిస్తాడంట. అన్న పోయినాడు, నేను యాల పోకూడదంటాడు. అన్న యాడికి పోయినాడో నాకే తెలీదు, వానికేం తెలుసు? నా మాట ఇనడప్పా. నీ మాట ఇంటాడు. ఆపొద్దు ఆ గొట్టంలో తెమ్మంటివి, తెచ్చి పెడితిని. ఇప్పుడు ఆ గొట్టంలోనే వద్దని సెప్పు."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న లేచి చొక్కా వేసుకుని, కుర్ర ఆఫీసరు దిగిన బంగళాకు వెళ్ళి, పుంగనూరుకు వస్తానని చెప్పి వచ్చాడు. ఆ కుర్రవాడు ఎంతో సంతోషించాడట.

పుంగనూరు సంతమైదానంలో ఆ సాయంత్రం జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ ఊరి పొట్టి ఆవులు ఇళ్ళకు పోతూ జనం మధ్య చిక్కుకుని, దుమ్ములో ఎర్రగా నిలబడి ఉన్నాయి. అమ్మ కూడా సెలవు పెట్టి వచ్చింది. ఆ తల్లి ముందు వరసలో కూర్చుంది. చిన్నకొడుకు దూరంగా స్నేహితులతో నిలబడ్డాడు, కొత్తగా దువ్విన తల. పాత వెలుగే, పాత పురుగులే, పాత దుమ్మే. ఒక్క క్షణం నేను మళ్ళీ పన్నెండేళ్ళ పిల్లనైపోయాను.

ఆఫీసరు నాన్నకు మైకు ఇచ్చాడు. నాన్న ప్రసంగం చేయలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"అమ్మలారా, అప్పలారా. కోత పండుగలో మీరు మేకను పెడతారు, వేలంలో తెచ్చుకుంటారు. పెట్టింది తిరిగొస్తుంది. ఇది అట్లా కాదు. దీనికి వేలం లేదు. ఆ పొద్దు నేను ప్రథమ ఫలాలు తెమ్మన్నాను. ఇది తిరిగి రాకపోవచ్చునని నేను చెప్పలేదు. చెప్పుండాల్సింది. మనది మంచి దేశమే, మన సర్కారు మంచిదే. అయినా చెప్పుండాల్సింది. ఒక తల్లి..."

అక్కడ గొట్టం ఊరుకుంది. ఇంజను దగ్గరి మనిషి తీగ లాగేశాడో, ఆఫీసరు సైగ చేశాడో నాకు తెలియదు. నాన్న ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ముందు వరసకు తప్ప ఎవరికీ వినబడటం లేదు. వెనక నుంచి ఎవరో "దించండప్పా ఆయప్పను" అని అరిచారు. ఎవరో ఈల వేశారు. అంతలో తెర వెలిగింది. మంచుకొండలు, వాటి మీద చీమల్లాగా మనుషులు. ఈసారి తెరలోంచే తెలుగు వచ్చింది. చక్కటి తెలుగు, వెచ్చగా, నింపాదిగా, ఏ ఊరిదో తెలియని గొంతు. మా నాన్న తెర పక్కనే నిలబడి దాన్ని విన్నాడు. ఆయన అవసరం ఎప్పుడో తీరిపోయింది. ఆ మంచుకొండలు అంత అందంగా ఉండటం నాకు నచ్చలేదు, కళ్ళు మాత్రం తిప్పుకోలేకపోయాను.

బొమ్మలు అయిపోయాక దీపం పెట్టిన బల్ల దగ్గర నిలబడి ఆఫీసరు మైకులో అడిగాడు. "తల్లులారా, మీ బిడ్డలను దేశానికి ఇస్తారా?"

"ఇస్తాం!" అంది మైదానం.

కుర్రవాళ్ళు బల్ల ముందు వరస కట్టారు. ఆమె చిన్నకొడుకు మూడోవాడో నాలుగోవాడో. వాడి వంతు వచ్చేసరికి ఆమె లేచి బల్ల దగ్గరికి నడిచింది. మళ్ళీ అదే నడక. 

"నువ్వు ఇప్పుడు తల్లులను అడిగినావు గదా నాయినా?" అంది ఆఫీసరుతో.

"అడిగానమ్మా."

"వీడి తల్లిని నేనే. ఇయ్యనంటాండా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. కొడుకు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. కలం కింద పెట్టాడు.

"ఇష్టం లేకపోతే వద్దులేమ్మా. తీసుకెళ్ళండి" అన్నాడు.

అంతే. ఇంకేమీ జరగలేదు. బంట్రోతులు రాలేదు, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. కొడుకు సిగ్గుతో కందిపోయి, తల్లి ముఖం చూడకుండా వరసలోంచి బయటికి వచ్చి, జనాన్ని తోసుకుంటూ చీకట్లోకి నడిచిపోయాడు. వెనకవాడు ముందుకు జరిగాడు. ఆఫీసరు కలం తీసుకున్నాడు.

మేం నలుగురం మైదానం దాటి, ఆ పూట పడుకోవడానికి చర్చి వైపు నడిచాం. నాన్నను దాటిపోతూ ఎవరో ఉమ్మేశారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. వీధిలో అట్లా పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. నాకు నాన్న మీద ఎంతో ప్రేమగా ఉంది, భయంగా కూడా ఉంది. చిన్నవాడు దక్కాడు, ఆ సంగతి ఆమెతో అనాలనిపించింది. ఆమె ముఖంలో సంతోషం లేదు. ఏదో లెక్క తేలనట్టు నేల చూస్తూ నడుస్తోంది. వెనక మైకులో ఆ కుర్ర ఆఫీసరు మళ్ళీ అడుగుతున్నాడు, మైదానం మళ్ళీ ఇస్తామంటోంది.

ఆమె ఆగింది. మేమూ ఆగాం.

"అయివారా" అంది. "పెద్దోడప్పుడు గూడా ఇట్లా ఇయ్యనని సెప్పుండొచ్చునా?"

 నాన్న దొరల కాలం వేరని అనొచ్చు. తెలియదని అనొచ్చు. అమ్మ కూడా ఏదో ఒకటి అనమన్నట్టు ఆయన చెయ్యి నొక్కడం నేను చూశాను.

"సెప్పుండొచ్చునమ్మా" అన్నాడు.

ఆమె అక్కడే, బండ్లు పోయే దారి మీద, దుమ్ములో కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా లేవలేదు.